పెట్టె తప్పు పాడదంటారు

కల్చరల్ కోటాలో రైల్వేలో చేరి, నాటకాలకు హార్మోనియం పట్టబోయే పిల్లలకు ముందుగా ఒక మాట చెబుతాను. రిహార్సల్లో ఎవరైనా "వచ్చేసింది మాస్టారూ" అంటే నమ్మకండి. పద్యం నిజంగా వచ్చినవాడు ఆ మాట అనడు, పాడి చూపిస్తాడు. మైకువాడు "అంతా ఓకే" అంటే ఇంకా నమ్మకండి. "మీ వాయిద్యం ముందు మేమెంత" అన్న నటుడి దగ్గర మరీ జాగ్రత్తగా ఉండండి. వాడికి మూడో అంకంలో ఏదో ఇబ్బంది ఉంది, దాన్ని మీ చేత కప్పించుకోవాలని చూస్తున్నాడు.

నేను ముప్పై నాలుగేళ్లు హిందీవాళ్ల ఊరు బిలాస్‌పూర్‌లో ఉద్యోగం చేశాను. పగలు ఏదో ఆఫీసులో కుర్చీ ఉండేది, ఫైళ్లు ఉండేవి. వాటి గురించి చెప్పను, అవి నాకే గుర్తు లేవు. నా అసలు డ్యూటీ సాయంత్రం అయిదున్నరకు ఇన్‌స్టిట్యూట్ హాల్లో మొదలయ్యేది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ రైల్వే కుటుంబాల వాళ్లు, షెడ్డులో నల్లబడ్డ చేతులు కడుక్కుని వచ్చి, కిరీటాలు పెట్టుకుని పద్యాలు పాడేవాళ్లు. వాళ్ల పక్కన నేను పెట్టె వాయించేవాణ్ని. మా నాటకాల వాళ్లకి హార్మోనియం అంటే పెట్టె. వేరే పేరు లేదు.

హార్మోనిస్టు పని వాయించడం అనుకుంటారు చాలామంది. కాదు, కప్పిపుచ్చడం. ఒకసారి మా రాజుగారు, అంటే ఆ వేషం కట్టిన క్యారేజి ఖలాసీ ఒకాయన, సభలోకి వచ్చి మంత్రి వైపు కత్తి చూపించి, పద్యం మొత్తం మరిచిపోయి అలాగే నిలబడిపోయాడు. నేను మోహన రాగం ఎత్తుకున్నాను. అటు తిప్పి ఇటు తిప్పి, పెట్టె మీదకు వంగి మొదటి మాట అందించి, ఆయన అందుకునేదాకా లాగాను. రాగం బాగుందని జనం చప్పట్లు కొట్టారు. రాజుగారు కూడా అది తనకే అనుకున్నారు. ఇలా ఏళ్ల తరబడి అందరి తప్పులూ దాచినవాడికి లోకమంతా ఏదో దాస్తున్నట్టే కనిపిస్తుంది. నాకూ అంతే అయింది. మా ఆవిడ పాలవాడు వచ్చాడంటే, కిటికీలోంచి చూసి గాని నేను గిన్నె ఇచ్చేవాణ్ని కాదు.

జోగారావు గారు నేర్పినవి

నాకు ముందు పెట్టె వాయించినవారు జోగారావు గారు. నన్ను తయారుచేసినది ఆయనే. మా కాలనీ వాళ్లందరికీ వచ్చిన "కనకవల్లి పట్టాభిషేకం" అనే పాటల నాటకం రాసిందీ ఆయనే. రాజ్యం పోగొట్టుకున్న కనకవల్లి అనే రాణి అడవిలో ఒక పద్యం పాడుతుంది. ఆ ఒక్క పద్యం కోసమే జనం వచ్చేవాళ్లు.

ఆయన అనుమానాల పుట్ట. ప్రతి ప్రదర్శనకు ముందు పెట్టె పైమూత విప్పి ఒక్కొక్క రీడు, అంటే స్వరం పలికే రేకు, ఊది చూసేవారు. ఒకసారి పోటీ నాటకం రోజున రీడు కింద వక్కపలుకు దొరికింది. ఎవరు పెట్టారో తెలియలేదు. ఆ వక్కపలుకును కాగితంలో చుట్టి, రిటైరయ్యేదాకా జేబులో పెట్టుకుని తిరిగారు.

"ఒరే సూరిబాబూ, మూసిన పెట్టెని నమ్మకు. తెరిసిన పెట్టెని అసలే నమ్మకు," అనేవారు.

ఇన్ని అనుమానాలున్న మనిషికి ఒక గుడ్డి నమ్మకం ఉండేది. పాట చెడితే ఆయన పెట్టెను ఎన్నడూ తప్పుపట్టలేదు. "పెట్టె తప్పదురా, గొంతే తప్పుతాది" అని పాడినవాళ్లనే అందరి ముందూ తిట్టేవారు. గొప్ప గురువే, కానీ ఈ విషయంలో న్యాయం తెలియని మనిషి. ఆ మాటను నేను ప్రశ్నించలేదు. ఎందుకంటే అది నాకు కలిసొచ్చింది.

మీట

ఇది ఎవరికీ చెప్పలేదు. నేను చేరిన రెండో ఏడు కనకవల్లి వేసినది రవణమ్మ గారు. షంటింగ్ జమాదారు భార్య, నాకంటే పదేళ్లు పెద్ద. మా వైపు అక్కను పిలిచినట్టు అప్పా అని పిలిచేవాణ్ని. కాలనీలో అంత గొంతు లేదు. ఆవిడ శ్రుతి అయిదు, అంటే పెట్టె మీద అయిదో తెల్ల మెట్టు. అందులో మొదలుపెడితే పై స్థాయిలో కూడా అరుపు అనిపించకుండా నిలబెట్టేది.

మా కొత్త పెట్టె స్కేలు మార్చుకునే రకం. పక్కన చిన్న మీట ఉంటుంది. అది జరిపితే మెట్లన్నీ ఒకేసారి పక్కకు కదులుతాయి. వేళ్లు పాత చోటే ఉంటాయి, శ్రుతి మాత్రం పెరుగుతుంది. ఆ సాయంత్రం అంతకు ముందు రంగంలో హాస్యగాడి పాట కోసం మీట జరిపాను. తిరిగి వెనక్కి పెట్టడం మరిచిపోయాను.

రాణి వచ్చింది. నేను అలవాటు ప్రకారం అయిదు పట్టాను. పలికింది ఆరు. రవణమ్మ గారు నా వైపు ఒకసారి చూసింది. నాకు అర్థం కాలేదు. పద్యం ఎత్తుకుంది. రెండో పాదంలో మళ్లీ చూసింది. మూడో పాదంలో గొంతు పగిలింది. ముందు వరుసలో ఎవరో ఈల వేశారు, హాలంతా నవ్వింది. ఆవిడ పద్యం మధ్యలో ఆపేసి లోపలికి వెళ్లిపోయింది.

అప్పుడు మీట చూశాను. ఎవరూ చూడకుండా వెనక్కి తోసేశాను.

"ఏటయ్యిందిరా?" అని జోగారావు గారు అడిగారు.

"ఆవిడ గొంతు బాగోలేదండీ," అన్నాను.

రవణమ్మ గారు మళ్లీ మొహానికి రంగు వేసుకోలేదు. 'గొంతు పోయిందట పాపం' అని కాలనీ అంతా అనుకుంది. నేను అంతటితో ఆగలేదు. నా స్వరాల నోటుబుక్కులో ఆ పద్యం పక్కన ఉన్న అయిదు కొట్టేసి ఆరు వేశాను. ఎవరైనా అడిగితే పద్యమే ఆరులో ఉందని చూపించడానికి. తర్వాత వచ్చిన కనకవల్లులందరూ ఆరులోనే గొంతు చించుకున్నారు. అదే సంప్రదాయం అయిపోయింది. కొన్నేళ్లకు జమాదారు రిటైరై భార్యతో విజయనగరం వైపు వెళ్లిపోయాడని ఎవరో చెప్పారు. నాకు ప్రాణం కుదుటపడింది. సిగ్గుతోనే రాస్తున్నాను.

రాజు గారే తబలా

నేను రిటైరైన నాలుగేళ్లకు తెలుగు అసోసియేషన్ పిల్లలు వచ్చి కనకవల్లి మళ్లీ వేద్దామన్నారు. నాకు వెంటనే అనుమానం వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత ఈ నాటకమే ఎందుకు?

"వాయించేవాళ్లు ఎవరర్రా?" అన్నాను. తబలా ఆయన బదిలీ మీద వెళ్లిపోయాడు, ఫిడేలు ఆయన పోయాడు, నా ఎడమ భుజం పట్టేసి తిత్తి ఆడించలేకపోతున్నాను.

కుసుమ అనే అమ్మాయి ముందుకు వచ్చింది. అసిస్టెంట్ లోకో పైలట్. మూడో తరం బిలాస్‌పూర్ పిల్ల. తెలుగు మాట్లాడుతుంది గాని చదవలేదు.

"మాస్టారూ, వేసం కట్టినోళ్లమే వాయించేస్తాం. మత్లబ్, రాణి పాత్ర నాది, పెట్టె కూడా నాదే. మురళి మంత్రి, డోలకు వాడిది. రాజు తబలా. స్టేజీ మీదే, అందరికీ కనబడేలాగ."

నాకు నచ్చలేదు. కత్తి పట్టే చేత్తో తబలా ఏమిటి అని వాదించాను. అసలు కారణం అది కాదు. పాడేవాళ్ల చేతిలోనే పెట్టె ఉంటే మధ్యలో హార్మోనిస్టుకు ఏం పని? కానీ వేరే దారి లేక ఒప్పుకున్నాను.

ఇలాంటి నాటకం చేయించేవాళ్లకు ఉపయోగపడుతుందని రెండు సంగతులు చెబుతాను. మొదటిది, నడక. వాయిద్యం దగ్గరికి వెళ్లడం కూడా పాత్రే వెళ్లాలి. మా మంత్రి, టికెట్ కలెక్టర్ మురళి, రాజును శపించి, వెంటనే ఖాళీ బెర్తు కోసం వెతికినట్టు డోలకు కోసం వెతికేవాడు. నాలుగు రోజులు ఆ నడక ఒక్కటే చేయించాను. రెండోది, చావు. రాజు నాలుగో రంగంలో చనిపోతాడు, అయిదో రంగానికి తబలా కావాలి. తెర దించే వీలు లేదు. చివరికి శవాన్ని తబలా పక్కనే పడుకోబెట్టి, కప్పిన శాలువా కిందనుంచి ఒక చెయ్యి బయటికి పెట్టించాము. చచ్చిన రాజు తాళం వేస్తుంటే మొదట నవ్వాము, రెండో రోజుకు మాకే ఒళ్లు జలదరించింది.

కుసుమ మాత్రం నాకు అంతుబట్టలేదు. పద్యాలు హిందీ అక్షరాల్లో రాసుకుంది. అర్థం అడిగితే ఇవాళ తెలియదనేది, రేపటికి నాకంటే బాగా చెప్పేది. ఎవరు చెబుతున్నారు? ఒకరోజు అడిగింది.

"మాస్టారూ, అడవి పద్యం కొంచెం దించితే? అయిదులో?"

అయిదు అనే అంకె దీని నోట్లోకి ఎలా వచ్చింది?

"ఆరులోనే ఉంది. పుస్తకంలో చూసుకో," అన్నాను.

"అచ్ఛా," అంది. ఆ అచ్ఛా నాకు నచ్చలేదు.

మంగళవారాలు రిహార్సల్‌కు రావడం మానేసింది. డ్యూటీ అంది. మా ఎదురు క్వార్టరు కుర్రాడు డ్రైవర్లకు డ్యూటీలు వేసే క్రూ లాబీలో పనిచేస్తాడు, అడిగితే ఆ రోజు ఆ పిల్లకు రెస్టు అన్నాడు. ప్రదర్శన వారం రోజులు ఉందనగా మురళి నా చెవిలో వేశాడు.

"నాను సెప్పినానని అనకండి గాని మాస్టారూ, కుసుమ మోప్కాలో ఎవరింటికో వెల్తంది. ఫోన్లో మన పాటలు రికార్డు సేత్తంది. నాను సూసినాను."

మోప్కా పక్కనే ఉన్న రాజ్‌కిశోర్ నగర్‌లో కొత్తగా పెట్టిన మరో తెలుగు సంఘం వాళ్లు ఇదే నాటకం వేస్తారని అప్పటికే విన్నాను. అన్నీ అతికిపోయాయి. అనుమానం పెనుభూతం అంటారు గాని, పట్టినవాడికి అది తెలివిలాగే ఉంటుంది.

మర్నాడు అందరి ముందూ అడిగాను.

"మంగళవారం ఎక్కడికి వెళ్తున్నావు?"

కుసుమ మొహం తెల్లబోయింది. "సెప్పలేను మాస్టారూ. మాట ఇచ్చినాను."

"ఎవరికి?"

"అదే సెప్పలేను."

"అయితే ఈ పెట్టె ముట్టుకోకు. కనకవల్లి వేరేవాళ్లు వేస్తారు."

"నాను ఏటి సేసినాను మాస్టారూ? ఒక్కటి సెప్పండి, ఏటి సేసినాను?"

నేను పెట్టె మూసి తాళం వేసుకున్నాను. ఆ పిల్ల కళ్లనీళ్లతో చెప్పులు వేసుకోవడం ఇప్పటికీ కళ్లముందే ఉంది. ఎవరూ ఆపలేదు. నేను మాస్టారిని కదా.

మోప్కా

ఆ పాత్రకు వేరే మనిషి లేదు. అయినా నా పట్టుదల నాది. రుజువు పట్టుకోవాలని రెండు రోజుల తర్వాత మురళి స్కూటరు మీద అర్పా నది దాటి మోప్కా వెళ్లాను. మురళి సందు మొగలో ఆగిపోయాడు. కొత్త ఇళ్ల మధ్య ఒక పాత పెంకుటిల్లు, తలుపు ఓరగా వేసి ఉంది. లోపలినుంచి చిన్న పెట్టె వినబడుతోంది. దానిమీద అడవి పద్యం. అయిదులో.

గొంతు ముసలిది. అంచులు అరిగాయి, ఊపిరి తక్కువైంది. అయినా మూడో పాదంలో పైకి వెళ్లి అక్కడ నిలబడింది. ఆనాడు ఎక్కడ పగిలిందో ఆ చోటనే నిలబడింది. చెప్పులు విడవాలో, వెనక్కి తిరగాలో నాకు తెలియలేదు.

"ఎవులది?" అని పద్యం ఆగింది. కుసుమ తలుపు తీసి నన్ను చూసి పక్కకు జరిగింది. మంచం మీద రవణమ్మ గారు.

"రా సూరిబాబూ. ముప్పై ఆరేళ్లకి దారి కనబడ్డాదేటి?"

"అప్పా, మీరు విజయనగరం..."

"ఎల్లినాం. ఆయన పోయాక మా సెల్లెలి కాడికి మల్లీ వొచ్చీసినాను. నీకెందుకు తెలస్తాది? నా ఊసు నివ్వు అడిగితే కదా."

నేను కుసుమ వైపు చూశాను. అప్పుడు కూడా నా అనుమానం నాదే. "ఈ అమ్మాయికి అంతా చెప్పేశారా?"

"నేదు. దీని మామ్మ పంపితే పద్యాలకి అర్దాలు అడగడానికొచ్చింది. పాట నేర్పినాను. మరిసిపోకుండా ఆ ఫోన్లో ఎక్కించుకుంది. నా పేరు సెప్పొద్దని ఒట్టు ఏయించుకున్నాను. నాను నేర్పినానంటే ఆ పద్యం నివ్వు పాడనిచ్చుండేవా?"

"పాడనిచ్చేవాణ్ని కాదు," అన్నాను. ఎన్నో ఏళ్లకు నా నోట వచ్చిన నిజం అది.

"ఆ మీట నివ్వు ఎనక్కి తొయ్యడం నాను సూసినాను. తెర పక్కనే ఉన్నాను కదా."

కుసుమ ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. ఆ పిల్లకు అప్పటిదాకా ఏమీ తెలియదు.

"మరి ఎందుకు చెప్పలేదు అప్పా?"

"ఎందుకు సెప్పనేదు? మర్నాడే జోగారావు గారికి సెప్పినాను. 'పెట్టె తప్పదమ్మా, గొంతే తప్పుతాది' అన్నారు. మా ఇంటాయన కూడా అదే అన్నాడు. కొన్నాల్లకి నాకే అనుమానం ఒచ్చీసింది, నా గొంతే పోయిందేమోనని. ఇంట్లో కూడా పాడ్డం మానీసినాను. ఈ గుంట వొచ్చి పెట్టె అయిదులో పెట్టేదాకా నాకు తెల్దు, గొంతు ఉందో నేదో."

నేను చేతులు జోడించాను. తప్పు నాది, క్షమించమన్నాను.

"నాకు సెప్పడమేటి? నాకు తెలిసిందే కదా," అంది ఆవిడ. "ఏ హాల్లో నవ్వినారో ఆ హాల్లో సెప్పు."

తిరిగి వస్తూ స్కూటరు మీద మురళికి ఏమీ చెప్పలేదు. కుసుమతో మాత్రం గుమ్మంలోనే అన్నాను, రేపు వచ్చి పెట్టె తీసుకో అని. ఆ పిల్ల వెంటనే సరే అనలేదు. "ఏ సుతిలో మాస్టారూ?" అని అడిగింది. నా మాట నమ్మలేదు. నమ్మకపోవడమే సరైన పని.

హాల్లో

ప్రదర్శనకు ముందు నాలుగు మాటలు మాట్లాడమని మైకు ఇచ్చారు. ఆ మూడు రోజులూ ఎన్ని దొంగ దారులు వెతికానో మీకు తెలియదు. కాగితం రాసి పంచిపెడదామా అనుకున్నాను. ఆవిడకు శాలువా కప్పి సరిపెడదామా అనుకున్నాను. చివరికి మైకు పట్టుకుని చెప్పేశాను. ఫలానా నాటకంలో రవణమ్మ గారి గొంతు తప్పలేదు, నేను మీట మరిచిపోయాను, ఆ సంగతి దాచాను, శ్రుతి కూడా దొంగది రాశాను అని.

గొప్పగా ఏమీ జరగలేదు. హాల్లో సగం మందికి ఆ పాత కథే తెలియదు. వెనకవాళ్లకు సరిగా వినబడలేదు. పాతవాళ్లు పది పన్నెండు మంది ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక ముసలాయన లేచి రెండో వరుసలో కూచున్న రవణమ్మ గారి దగ్గరికి వెళ్లి, "అప్పుడు ఈల ఏసింది నానేనమ్మా" అన్నాడు. ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. మురళి నాకోసం కాచుకుని ఉండి, "ఇది పబ్లిసిటీకా మాస్టారూ?" అని మెల్లగా అడిగాడు. వాడు నా శిష్యుడే, ఏం చేస్తాం.

తర్వాత నాటకం. కుసుమ రాణి వేషంలో పెట్టె ముందుకు జరుపుకుని, మీట జనానికి కనబడేలా తిప్పి కూచుంది. అయిదు పట్టింది. చచ్చిన రాజు శాలువా కిందనుంచి తాళం అందుకున్నాడు. తన శ్రుతి తన వేళ్ల కిందే ఉన్న మనిషి పాడితే ఎలా ఉంటుందో నేను మొదటిసారి చూశాను. ఎవరి వైపూ చూడనక్కర్లేదు. ఎవరి దయా అక్కర్లేదు. మూడో పాదం దాటగానే హాలు "వన్స్ మోర్" అంది. జీవితమంతా ఆ కేకకు విసుక్కున్నవాణ్ని, నేనూ అరిచాను. రవణమ్మ గారు చప్పట్లు కొట్టలేదు. రెండోసారి పాడుతుంటే పెదాలు కదిపింది.

నాటకం అయ్యాక దగ్గరికి వెళ్లాను. నిష్ఠూరమాడుతుందేమో అనుకున్నాను.

"ఆదోరం పొద్దున్న నీ పెట్టె ఇంటికి తే," అంది.

ఆదివారం పట్టుకెళ్లాను. ఆవిడ మంచం దిగి కింద కూచుంది. నేను వాయించడానికి ముందుకు వంగితే చేత్తో ఆపింది.

"నివ్వు తిత్తి ఆడించు సాలు. మెట్లు నాను నొక్కుకుంటాను."

పెట్టెకు అటువైపు కూచుని, నొప్పి లేని కుడి చెయ్యి తిత్తి మీద వేశాను. ఆవిడ వెంటనే మొదలుపెట్టలేదు. కళ్లజోడు పైకి తోసుకుని, పెట్టె పక్కనున్న మీటను వేలితో తడిమింది. సరైన చోటే ఉందా అని ఒకసారి, మళ్లీ ఇంకోసారి. నా మొహంలోకి చూసింది. తర్వాత పాడింది.